కాపుకొచ్చిన పండ్ల పొదను చోటు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేలలో పాతుకుపోయిన పండ్ల మొక్కను కదిలించాలనుకునేవాళ్ల సందేహాలు ఎప్పుడూ దాదాపు అవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ చివరికి ఒకచోట రాసిపెట్టాను. ఇవి నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన కవర్ మొక్కల గురించి కాదు. రెండేళ్లో ఆరేళ్లో ఒకేచోట పెరిగి కాయలు కాస్తున్న దానిమ్మ, అంజూర, మల్బరీ, నిమ్మ, జామ, వాక్కాయ, బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ లాంటి వాటి గురించి. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది, మీకు కావాల్సినది మాత్రం చదువుకోవచ్చు.

## మార్చాలా, వద్దా?

మా మొక్కకి ఐదేళ్లు. ఇప్పుడు తవ్వి మారిస్తే బతుకుతుందా?

వయసు కంటే సైజు ముఖ్యం. మీ నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు వరకు ఉన్న పొద, కాండం బొటనవేలంత మందం ఉన్నది, సరైన కాలంలో తీస్తే చాలావరకు బతుకుతుంది. కాండం మణికట్టంత లావైతే ఇద్దరు మనుషులు, ఒక సీజన్ ముందు నుంచి ఏర్పాట్లు కావాలి. అంతకంటే పెద్దదైతే నిజాయితీగా చెప్తున్నా, ఆ శ్రమతో కొత్త మొక్క పెంచుకుంటే ముందే కాయలు తింటారు. పెద్ద మొక్క కోలుకునే లోపు చిన్న మొక్క దాన్ని అందుకోవడం చాలాసార్లు జరిగేదే.

అంత జాగ్రత్తగా తవ్వినా మొక్క ఎందుకు చచ్చిపోతుంది?

నీళ్లు తాగేవి లావు వేర్లు కాదు. వాటి చివర్లలో దారపు పోగుల్లా ఉండే సన్న వేర్లు. అవి కాండం దగ్గర తక్కువ, కొమ్మల అంచు కింద, ఆ అంచు దాటి కూడా ఎక్కువ. పైగా వాటిలో ఎక్కువ భాగం పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. మీరు కాండం చుట్టూ ఎంత శ్రద్ధగా తవ్వినా, ఆ పోగుల్లో చాలా భాగం పాత గుంతలోనే ఉండిపోతుంది. పైన ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీళ్లు అడుగుతుంటాయి. ఇచ్చేవాళ్లు పది మంది పోయి ఇద్దరు మిగిలారు, తినేవాళ్లు మాత్రం తగ్గలేదు. మొక్క మార్చడంలో చేసే ప్రతి పనీ ఈ తేడాను తగ్గించడానికే.

ఏవి తేలిగ్గా బతుకుతాయి, ఏవి మొండికేస్తాయి?

బ్లూబెర్రీ అన్నిటికంటే మంచిది. దాని వేర్లు పైపైనే చాపలా అల్లుకుని ఉంటాయి, చాపను ఎత్తినట్టు ఎత్తొచ్చు. అంజూర, దానిమ్మ, మల్బరీ, బ్లాక్‌కరెంట్ (చల్లటి ప్రాంతాల్లో నల్లటి చిన్న పండ్లు కాసే పొద) దెబ్బ తిన్నా మళ్లీ మొలిచే రకం. నిమ్మజాతి, జామ, వాక్కాయ ఏడాదంతా ఆకుతో ఉంటాయి కాబట్టి కాస్త టెన్షన్ పెడతాయి, కానీ అసాధ్యం కాదు. సీతాఫలం వేరు పెళుసు, కదిపితే అలుగుతుంది. పెద్దయిన బొప్పాయిని మాత్రం అసలు ముట్టుకోకండి. విత్తనం నుంచి మళ్లీ పెంచుకోవడమే దానికి దారి.

మొక్కంతా మార్చే బదులు కొమ్మ నాటుకుంటే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. నన్నడిగితే మార్చే నిర్ణయం తీసుకున్నా సరే, ముందు నాలుగు కొమ్మలు నాటి ఉంచుకోవాలి. అంజూర, దానిమ్మ, మల్బరీ, బ్లాక్‌కరెంట్‌లకు ముదిరిన కొమ్మలో పెన్సిలంత మందం ఉన్నచోట 20–25 సెంటీమీటర్ల ముక్క కోసి, మూడింట రెండు వంతులు మట్టిలోకి దిగేలా గుచ్చితే చాలు. ఆకు రాలి మొక్క నిద్రలో ఉన్నప్పుడు చేస్తే మేలు. కింది కొన కిందే ఉండాలి, తలకిందులుగా గుచ్చితే వేరు రాదు. అందుకే కోసేటప్పుడే కింది కొనను అడ్డంగా, పై కొనను ఏటవాలుగా కోయడం అలవాటు చేసుకోండి. జామ, నిమ్మలకు కొమ్మ ముక్కల కంటే అంటు తొక్కడం నమ్మకం. మొక్క మీదుండగానే కొమ్మకు వేర్లు పుట్టించి ఆ తర్వాత కోసుకుంటారు.

జబ్బుగా ఉంది. చోటు మారిస్తే కోలుకుంటుందేమో?

కారణం చోటే అయితే కోలుకుంటుంది. అంటే పెద్ద చెట్టు నీడ పడడం, నీరు నిలవడం, గోడ పక్కన వేడి కొట్టడం లాంటివి. ఆకుల మీద మొజాయిక్‌లా పసుపు మచ్చలు, ఏటేటా చిన్నవైపోతున్న పండ్లు, కాండం అడుగున బెరడు కుళ్లి జిగురు కారడం కనిపిస్తే మాత్రం అది రోగం. మార్చితే రోగం కూడా మీ వెంటే కొత్త మట్టికి వస్తుంది. పాత రాస్ప్‌బెర్రీ పొదల విషయంలో ఇది మరీ నిజం. వాటిలో వైరస్‌లు పేరుకుంటాయి. పదేళ్లు దాటిన వరసను తవ్వి మార్చే బదులు, ఆరోగ్యమైన కొత్త పిలకలు తెచ్చుకోవడమే లాభం.

కాయడం లేదని మార్చేద్దామనుకుంటున్నాం. పనవుతుందా?

రోజుకు ఆరు గంటల ఎండ అయినా పడని చోట ఉంటే మార్చండి. ఎండ బాగా ఉండి, ఆకు దట్టంగా పచ్చగా ఉండి పూత లేకపోతే నత్రజని ఎక్కువై ఉండొచ్చు, కత్తిరింపు తప్పు కాలంలో జరిగి ఉండొచ్చు, మొక్కకు ఇంకా వయసు రాకపోయి ఉండొచ్చు. ఆ మూడింటికీ పార అక్కర్లేదు.

## ఏ కాలంలో?

ఏ నెలలో మార్చాలి?

నెల కాదు, మొక్క ఏ స్థితిలో ఉందో చూడాలి. ఆకు రాల్చే రకాలకు (అంజూర, మల్బరీ, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్, రెడ్‌కరెంట్, మన ఉసిరి కాని గూస్‌బెర్రీ) ఆకంతా రాలిన దగ్గర్నుంచి మొగ్గలు ఉబ్బడం మొదలయ్యే లోపు. ఆ మధ్యలో నేల గడ్డకట్టి ఉన్న రోజులు, బురదగా ఉన్న రోజులు వదిలేయాలి. ఏడాదంతా ఆకుండే నిమ్మ, జామ లాంటివాటికి మట్టిలో వెచ్చదనం ఉండాలి, ఎండ తీవ్రత మాత్రం ఉండకూడదు. వేడి ప్రాంతాల్లో అది వర్షాలు నిలకడగా మొదలైన తర్వాత కుదురుతుంది. మంచు పడే ప్రాంతాల్లో మంచు భయం తీరాక, కొత్త చిగురు ముందు. వేడి ప్రాంతాల్లో దానిమ్మ ఆకు పూర్తిగా రాల్చదు కాబట్టి, పెరుగుదల ఆగి మొక్క మందకొడిగా ఉన్న చల్లటి రోజులు చూసుకోండి.

పూత మీద ఉంది. ఆగాలా?

ఆగాలి. పూత, పిందె, కాయ మూడూ మొక్క దాచుకున్న శక్తిని తినేవే. కాయలు కోసుకుని, మొక్క కాస్త ఊపిరి పీల్చుకున్నాక కదపండి. ఆగడం కుదరకపోతే తవ్వే ముందే పూత, పిందెలు అన్నీ తుంచేయండి. బాధగానే ఉంటుంది. కానీ ఉంచినా అవి నిలవవు.

ఇల్లు ఖాళీ చేస్తున్నాం, మండుటెండలు, ఆగే వీల్లేదు. ఏం చేయాలి?

నేలలోంచి నేలలోకి కాకుండా ముందు పెద్ద గ్రో బ్యాగ్‌లోకో, డ్రమ్ములోకో మార్చండి. సాయంత్రం చల్లబడ్డాక తీయండి. ఆకుండే మొక్క అయితే సగం ఆకు తగ్గించండి. కొమ్మలు కోయడమో, ఉన్న ఆకులను కత్తెరతో సగానికి కత్తిరించడమో, ఏదైనా పర్వాలేదు. తర్వాత చెట్టు నీడలో ఉంచి, పొద్దున సాయంత్రం ఆకుల మీద నీళ్లు చిలకరించండి. కొత్త చిగురొచ్చి అది ముదిరేదాకా అలాగే ఉంచి, మంచి కాలం రాగానే నేలలో పెట్టుకోవచ్చు. అయినా పోయే ప్రమాదం ఉంది కాబట్టి కొమ్మలు నాటో, అంటు తొక్కో ఒక పిల్ల మొక్కను సిద్ధం చేసుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి.

## ముందు చేసుకోవాల్సినవి

వేర్లు ముందే కోసి పెట్టాలంటారు. అదెలా?

మార్చబోయే కాలానికి కొన్ని నెలల ముందు, వీలైతే ఒక సీజన్ ముందు చేసే పని ఇది. తర్వాత మీరు వేర్లతో కలిపి తీయబోయే మట్టిగడ్డ అంచు ఎక్కడ వస్తుందో అక్కడ ఒక వృత్తం గీయండి. పదునైన పారను నిట్టనిలువుగా అడుగు లోతు దిగేలా గుచ్చుతూ ఆ వృత్తంలో సగం మాత్రం కోయండి. ఒకే సగం కాకుండా, ఒక ముక్క కోసి ఒక ముక్క వదిలేస్తూ వెళ్లినా సరే. ఆరేడు వారాల తర్వాత మిగతా సగం. కోసిన ప్రతి వేరు చివరా కొత్త పీచు వేర్లు గుత్తిగా పుడతాయి. అవి వృత్తం లోపలే ఉంటాయి కాబట్టి తవ్వే రోజు మీతో పాటు వస్తాయి. కోశాక నీళ్లు తప్పకుండా పెట్టండి.

నేనైతే మొక్క మార్చడంలో ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే అంటాను. జనం ఎక్కువగా ఎగ్గొట్టే పని కూడా ఇదే.

తీసే ముందు నీళ్లు పోయాలా, పొడిగా ఉంచాలా?

రెండు రోజుల ముందు బాగా తడపండి, తవ్వే రోజు పోయకండి. పొడి మట్టి వేర్ల మీద నిలవకుండా రాలిపోతుంది, బురదైతే జారిపోతుంది. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అదీ తవ్వడానికి సరైన పదును.

కొమ్మలు ఎంత కత్తిరించాలి? సగానికి సగం కొట్టేయమంటున్నారు.

అన్నిటికీ ఒకే లెక్క కుదరదు. ఆకు రాలి నిద్రలో ఉన్న పొదకు అంత నరుకుడు అవసరం లేదు. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, బాగా ముసలివైన కొమ్మలు మొదలంటా తీసేస్తే చాలు. కొమ్మ చివరి మొగ్గల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి వేర్లు పుట్టడానికి సాయపడుతుంది. చివర్లన్నీ గొరిగేస్తే ఆ సాయం పోతుంది. ఆకుతో ఉన్న నిమ్మ, జామలకు మాత్రం మూడో వంతు ఆకు తగ్గించాల్సిందే, వేర్లు ఎక్కువగా పోతే సగం. బ్లాక్‌కరెంట్ ఒక్కటి మినహాయింపు. దాన్ని నేలకు జానెడు ఎత్తులోకి కోసేసినా అడుగు నుంచి కొత్త కొమ్మలు తన్నుకొస్తాయి.

కొత్త గుంత ఎంత తవ్వాలి? ముందే తవ్వి ఉంచాలా?

ముందే. మొక్క బయటికొచ్చాక గుంత తవ్వుతూ కూర్చుంటే ఆ గంటలోనే సన్న వేర్లు ఎండిపోతాయి. వెడల్పు మట్టిగడ్డకు రెండు మూడు రెట్లు ఉండాలి. లోతు మాత్రం గడ్డ ఎత్తు ఎంతో అంతే. ఎక్కువ లోతు తవ్వి మళ్లీ మట్టి పోసి నింపితే, అది కొన్నాళ్లకు అణిగి మొక్క గుంతలోకి దిగిపోతుంది. నల్లరేగడి, బంకమట్టి నేలల్లో ఇంకో సంగతి ఉంది. పార రాసుకున్న చోట గుంత గోడ కుండలా నున్నగా తయారవుతుంది. వేర్లు దాన్ని చీల్చుకుని బయటికి పోలేక లోపలే చుట్టుకుంటాయి. ఆ గోడలను చేతి పలుగుతో గీకి గరుకు చేయండి. తవ్వే ముందు ఆ దారిలో నీళ్ల పైపు, కరెంటు వైరు లేవని కూడా చూసుకోండి.

కొత్త చోట నీరు నిలుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అది పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, అందులో ఒక పుల్ల నిలబెట్టి నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. గంటకు అంగుళం కంటే తక్కువ దిగుతుంటే ఆ చోటు పనికిరాదు, లేదా మట్టిని ఎత్తుగా గుట్ట పోసి దాని మీద నాటాలి. గుంతలో అడుగున కంకర పోస్తే సరిపోతుందన్న మాట నమ్మకండి. చుట్టూ బంకమట్టి ఉంటే ఆ కంకర గుంత నీటి తొట్టిలా మారుతుంది.

అదే చోట ఇంతకుముందు అలాంటి మొక్కే ఉండేది. పర్వాలేదా?

వీలైతే వేరే చోటు చూడండి. పాత మొక్క వేర్లను పట్టుకున్న బూజులు, నులిపురుగులు ఆ మట్టిలోనే ఉంటాయి. రాస్ప్‌బెర్రీ లాంటి గులాబీ కుటుంబపు మొక్కల్లో ఈ సమస్య బాగా కనిపిస్తుంది. తప్పనిసరైతే గుంత మట్టిని తీసేసి, తోటలో ఇంకోచోటి మట్టి తెచ్చి నింపండి.

## తవ్వే రోజు

కాండం నుంచి ఎంత దూరంలో పార వేయాలి?

ఒకే కాండం ఉన్న మొక్కకు, కాండం ప్రతి అంగుళం మందానికి 10 నుంచి 12 అంగుళాల వెడల్పు మట్టిగడ్డ లెక్క. రెండంగుళాల కాండమైతే గడ్డ రెండడుగుల వెడల్పు, అంటే కాండానికి అన్ని వైపులా అడుగు దూరం. గుబురుగా పెరిగే పొద నాలుగడుగుల ఎత్తుంటే ఒకటిన్నర అడుగు వెడల్పు గడ్డ చాలు. లోతు సాధారణంగా అడుగు, పెద్దవాటికి అడుగున్నర.

తవ్వడం ఏ వరసలో?

ముందుగా కొమ్మలన్నీ పైకి కూడదీసి తాడుతో వదులుగా కట్టండి. లేకపోతే సగం కొమ్మలు మీ మోచేతులకే విరుగుతాయి. తర్వాత కాండం మీద ఒకవైపు చిన్న గుడ్డ ముక్క కట్టి, అది ఏ దిక్కో గుర్తు పెట్టుకోండి. కొత్త చోటా ఆ వైపు అదే దిక్కుకు ఉంచాలి. ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు ఉన్నట్టుండి పడమటి ఎండకు తగిలితే కమిలిపోతుంది.

గడ్డ అంచు గుర్తుకు బయటి వైపు కందకంలా తవ్వుతూ రండి. పార వీపు మొక్క వైపు ఉండాలి, గడ్డను పెళ్లగించినట్టు లాగొద్దు. చుట్టూ అడుగు లోతు దిగాక ఏటవాలుగా కిందికి కోస్తూ వెళ్తే గడ్డ కింది భాగం గిన్నెలా గుండ్రంగా తేలుతుంది. అప్పుడు ఒకవైపుకు వంచి, తడి గోనెసంచిని సగం చుట్టి కిందికి తోయండి. రెండోవైపుకు వంచి ఆ సంచిని అవతలికి లాగండి. నాలుగు కొనలూ పైకి తెచ్చి కాండం మొదట్లో ముడేయండి. పైకెత్తేటప్పుడు సంచి పట్టుకోవాలి. కాండం పట్టుకుని లాగితే గడ్డ కిందే ఉండిపోతుంది, మీ చేతిలో చెట్టు ఉంటుంది.

ఒక్కడినే ఎత్తగలనా?

ఒకటిన్నర అడుగు వెడల్పు, అడుగు లోతున్న తడి మట్టిగడ్డ 60 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తూగుతుంది. ఒక మనిషిని ఎత్తినట్టే. ఇంకొకరిని పిలవండి, లేదా గుంతలో ఒకవైపు గోడను ఏటవాలుగా తవ్వి, సంచితో సహా రేకు మీదకో మందపాటి పట్టా మీదకో లాగి ఈడ్చుకెళ్లండి.

మట్టిగడ్డ విరిగి వేర్లు బయటపడ్డాయి! ఇప్పుడేంటి?

ఆకు లేని మొక్క అయితే కంగారు అక్కర్లేదు. నిద్రలో ఉన్న అంజూర, మల్బరీ, బ్లాక్‌కరెంట్ పొదలను మట్టి లేకుండా ఉత్త వేర్లతోనే నాటడం మామూలే. వేర్లకు గాలి తగలకుండా వెంటనే తడి గోనె చుట్టి, అరగంటలో నాటేయండి. ఆకున్న మొక్క అయితే నష్టం జరిగినట్టే, కానీ చేతులెత్తేయొద్దు. ఆకు ఇంకా తగ్గించి సగానికి సగం చేయండి, నీడ ఏర్పాటు చేయండి.

మా పెరట్లో నిమ్మ మొక్క తీసినప్పుడు గడ్డ సగం ఊడిపోయింది. ఆకులు కోయడానికి మనసొప్పలేదు, పచ్చగా నిగనిగలాడుతున్నాయి కదా అని అలాగే నాటాను. వారానికల్లా ఆకులన్నీ ముడుచుకుని కొమ్మకే అంటుకుని ఎండిపోయాయి. ఆ మొక్క మళ్లీ లేవలేదు.

లావు వేరు అడ్డొచ్చింది. కోసేయొచ్చా?

కోయొచ్చు. సికేచర్‌తోనో (కొమ్మలు కోసే కత్తెర) చిన్న రంపంతోనో శుభ్రంగా కోయండి. పారతో కొట్టి నలిపేస్తే చీలిన చోట కుళ్లు పడుతుంది. కోసిన చోట తారు, పెయింటు ఏవీ పూయక్కర్లేదు.

వేర్ల మీద బుడిపెలు కనిపించాయి. అవేంటి?

పూసల్లా వేరు పొడవునా వరసగా ఉంటే అవి నులిపురుగుల బుడిపెలు. జామ, దానిమ్మ, అంజూర, మల్బరీలకు ఇవి బాగా వస్తాయి. కాండం మొదట్లో గరుకుగా, కార్క్ బిరడాలా ఒకే పెద్ద గడ్డ ఉంటే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే కాండపు గడ్డ రోగం. రెండిట్లో ఏదైనా సరే, ఆ మొక్కను శుభ్రమైన కొత్త మట్టిలోకి తీసుకెళ్లకండి. పారకు అంటుకున్న మట్టిని కూడా కడిగేయండి.

మొక్క తీసేశాం, కొత్త చోటు ఇంకా రెండు వారాలకు గానీ సిద్ధం కాదు.

నీడలో ఒక ఏటవాలు కాలువ తవ్వి, మొక్కను పక్కకు వాల్చి పడుకోబెట్టినట్టు ఉంచి, వేర్ల మీద వదులు మట్టి కప్పి తడుపుతుండండి. ఆకు లేని మొక్కలు ఇలా కొన్ని వారాలు ఉండగలవు. బకెట్ నీళ్లలో మాత్రం రోజుల తరబడి పెట్టకండి. వేర్లకు గాలి అందక చస్తాయి.

## నాటడం

ఎంత లోతులో నాటాలి?

పాత చోట మట్టి ఎంతవరకు ఉండేదో కాండం మీద రంగు తేడా కనిపిస్తుంది. ఆ గీత కొత్త నేల మట్టంతో సమానంగా రావాలి. గుంత మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి చూస్తే కచ్చితంగా తెలుస్తుంది. అంటు మొక్కలైతే అంటు కట్టిన చోటు నేలకు పైనే ఉండాలి. నిమ్మజాతిలో బెరడుకు తడిమట్టి తగిలితే మొదలు కుళ్లు వస్తుంది కాబట్టి దాని మట్టిగడ్డ పైభాగాన్ని నేల మట్టం కంటే ఒక అంగుళం ఎత్తులోనే ఉంచండి. బ్లాక్‌కరెంట్‌ను మాత్రం పాత మట్టం కంటే 5 సెంటీమీటర్లు లోతుగా నాటితే మట్టిలోని మొగ్గల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. దాని చుట్టమే అయిన రెడ్‌కరెంట్‌ను, గూస్‌బెర్రీని అలా లోతుగా పెడితే పిలకల గోల మొదలవుతుంది.

గుంతలో ఎరువు ఎంత వేయాలి?

రసాయన ఎరువు అసలు వద్దు. అందులోని లవణాలు తెగిన వేర్లను కాల్చేస్తాయి. చివకని పశువుల ఎరువూ వద్దు, వేడి పుడుతుంది, చెదలు వస్తాయి. తవ్విన మట్టినే తిరిగి నింపడం మంచిది. గుంతలో మాత్రమే మెత్తటి కంపోస్టు నింపితే వేర్లు ఆ సుఖం వదిలి బయటికి పోవు. కంపోస్టు ఉంటే నాటాక పైన పరచండి. బ్లూబెర్రీకి మాత్రం 4.5 నుంచి 5.5 పీహెచ్ ఉన్న పుల్లటి మట్టి కావాలి కాబట్టి దాని మట్టిని ముందుగానే సరిచేసుకోవాలి.

వేర్ల హార్మోన్ పొడి, విటమిన్ బీ1, ఎప్సమ్ సాల్ట్ వేస్తే త్వరగా పట్టుకుంటుందా?

హార్మోన్ పొడి కొమ్మ ముక్కలు నాటడానికి. వేర్లున్న మొక్కకు దానితో పనిలేదు. విటమిన్ బీ1 మొక్క తన ఆకుల్లోనే తయారు చేసుకుంటుంది. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోపానికి మందు, చోటు మార్చిన షాక్‌కు కాదు. ఆ డబ్బుతో షేడ్ నెట్ కొనుక్కోండి.

మట్టి నింపాక కాలితో తొక్కాలా?

గట్టిగా తొక్కితే మట్టిలో గాలి ఉండదు. సగం మట్టి నింపి నీళ్లు పోయండి, అది ఇంకుతూ ఖాళీలను తనే నింపుతుంది. మిగతా మట్టి వేసి అరచేత్తో ఒత్తండి. ఆపైన గడ్డ అంచుకు కాస్త బయటగా మట్టి కట్ట వేసి పాదు చేయండి.

కర్ర కట్టాలా?

గుబురు పొదకు అక్కర్లేదు. ఒంటి కాండం ఉన్న మొక్క గాలికి ఊగుతుంటే కట్టాలి. ఊగిన ప్రతిసారీ కొత్త వేర్లు తెగుతాయి. ఎత్తులో మూడో వంతు దగ్గర, మెత్తటి గుడ్డతో వదులుగా కట్టి, ఏడాది తిరిగాక తీసేయండి.

## మొదటి ఏడాది

నీళ్లు ఎన్ని, ఎన్నాళ్లు?

నాటిన రోజు పాదు నిండి ఇంకేలా రెండుసార్లు. తర్వాత ఆకున్న మొక్కకు మొదటి రెండు వారాలు దాదాపు రోజూ, ఆపైన రెండు మూడు రోజులకోసారి, క్రమంగా వారానికోసారి. ఆకు లేని మొక్కకు మట్టి తడి ఆరకుండా ఉంటే చాలు. కానీ క్యాలెండర్ కంటే వేలు నమ్మకమైనది. రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి. గుచ్చేది పాదు అంచున కాదు, కాండం దగ్గర, పాత గడ్డలో. చుట్టూ కొత్త మట్టి తడిగా ఉండి లోపల పాత గడ్డ ఎండిపోయి ఉండడం చాలా మామూలు. వేర్లన్నీ ఉన్నది ఆ గడ్డలోనే. మొదటి ఏడాది ఎండాకాలం పూర్తయ్యేదాకా ఈ కాపలా తప్పదు.

రోజూ నీళ్లు పోస్తున్నా వాడిపోతోంది. ఇంకా పోయాలా?

ముందు మట్టి చూడండి. తడిగా ఉంటే ఆపేయండి. వేర్లు తక్కువగా ఉన్నాయి కాబట్టి ఉన్న నీటిని పీల్చలేక వాడుతోంది. ఇంకా పోస్తే గాలి అందక ఉన్న కాసిని వేర్లూ కుళ్లిపోతాయి. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటే అది మామూలే. పొద్దున్న లేచేసరికీ వాడే ఉంటే నీడ పెంచి, మరికొంత ఆకు తీసేయండి.

ఆకులన్నీ రాలిపోయాయి. చచ్చిపోయినట్టేనా?

రాలాయంటే ఆశ ఉన్నట్టే. ఆకు రాల్చడానికి కొమ్మలో ప్రాణం ఉండాలి. ఆకు తొడిమ దగ్గర ఒక పొర ఏర్పడితేనే అది ఊడిపడుతుంది. భయపడాల్సింది ఆకులు రాలకుండా గోధుమరంగుకు తిరిగి, లాగినా ఊడకుండా కొమ్మకే వేలాడుతున్నప్పుడు. అనుమానం ఉంటే గోటితో బెరడును కొద్దిగా గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. చివర ఎండి ఉంటే కిందికి వస్తూ గీకి చూసి, పచ్చదనం కనిపించిన చోటికి కోయండి. ఏమీ మొలవకపోయినా ఒక పూర్తి సీజన్ ఆగండి. అంజూర, దానిమ్మ పైనంతా ఎండి మొదట్లోంచి చిగురించడం ఉంది.

నీడ ఎన్నాళ్లు కట్టాలి?

ఆకున్న మొక్కలకు 50 శాతం షేడ్ నెట్ మూడు నాలుగు వారాలు. తీసేటప్పుడు ఒక్కసారిగా కాకుండా ముందు పొద్దుటి ఎండకు అలవాటు చేయండి. ఆకు తగ్గించిన నిమ్మ మొక్కల కాండానికి ఎండదెబ్బ తగలకుండా సున్నం పూయండి, లేదా తెల్లటి వాటర్ పెయింట్‌లో అంతే నీళ్లు కలిపి పూయండి.

పాదులో ఎండుటాకులు కప్పొచ్చా?

తప్పకుండా. 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం చాలు. కాండం చుట్టూ జానెడు ఖాళీ వదలండి, ఆనిస్తే బెరడు నాని కుళ్లుతుంది.

ఎరువు ఎప్పుడు మొదలుపెట్టాలి?

కొత్త చిగురు వచ్చి, ఆ ఆకు పూర్తి సైజుకు పెరిగి ముదురు రంగు తిరిగాక. అప్పుడైనా వెర్మికంపోస్ట్ లాంటిది కొద్దిగా పైన వేస్తే చాలు.

ఆ ఏడాదే పూత వచ్చింది. ఉంచాలా?

తుంచేయండి. కష్టంలో ఉన్న మొక్క ఒక్కోసారి విరగబూస్తుంది, అది ఆరోగ్యం కాదు. పిల్లలు గొడవ చేస్తే ఒకటి రెండు కాయలు ఉంచండి, ఏం కాదు.

మళ్లీ ఎప్పటిలా కాయడానికి ఎన్నాళ్లు?

చిన్న పొదలకు రెండో ఏడాది కొంత, మూడో ఏడాదికి దాదాపు పూర్తి కాపు. కాండం ఎంత లావుంటే అంత ఆలస్యం. పండు ఎక్కువగా కొత్త కొమ్మ మీద కాసే మల్బరీ, అంజూర ముందుగా తేరుకుంటాయి.

మొదట్లోంచి చాలా చిగుళ్లు వస్తున్నాయి. మంచిదేనా?

సొంత వేర్ల మీద పెరిగిన దానిమ్మ, అంజూర అయితే మంచిదే, నాలుగైదు బలమైనవి ఉంచుకోండి. అంటు మొక్కలో అంటు కిందనుంచి వస్తే అది అడుగు మొక్క, అంటే మీ రకాన్ని అంటు కట్టిన కింది వేరు మొక్క. నిమ్మజాతిలో దాన్ని ఆకును బట్టి, పెద్ద ముళ్లను బట్టి పోల్చొచ్చు. లేతగా ఉన్నప్పుడే చేత్తో ఒలిచేయండి. వదిలేస్తే రెండేళ్లలో మీ మొక్క పోయి అదే మిగులుతుంది.

బాగా చిగురించింది, హమ్మయ్య అనుకున్నాం. రెండు నెలలకి ఉన్నట్టుండి ఎండిపోయింది. ఎందుకు?

ఆ మొదటి చిగురు కొత్త వేర్లది కాదు, కాండంలో దాచుకున్న పిండిపదార్థానిది. కోసి పక్కన పడేసిన కొమ్మ కూడా అలా చిగురిస్తుంది. అది చూసి మొక్క పట్టుకుందనుకుని నీళ్లు, నీడ తగ్గించేస్తాం. లోపల నిల్వ అయిపోతుంది, వేర్లు ఇంకా రాలేదు, ఎండ ముదురుతుంది. మొక్క నిజంగా పట్టుకున్నదీ లేనిదీ రెండో విడత చిగురు చెప్తుంది. మొదటి ఆకులు ముదిరాక, కాస్త విరామం తర్వాత మళ్లీ కొత్త చిగుళ్లు మొదటివాటి కంటే పొడవుగా వస్తే వేర్లు పనిలోకి దిగినట్టు. అప్పటిదాకా షేడ్ నెట్ మడిచి పెట్టకండి.